నోవహు జలప్రళయం: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

బైబిలు కాలేజీలో పాత నిబంధన చెబుతాను. దేవుడు చెడిపోయిన లోకాన్ని నీళ్లలో ముంచి, నోవహు కుటుంబాన్నీ జంతువుల్నీ ఓడలో కాపాడిన కథ బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండం 6 నుంచి 9వ అధ్యాయం దాకా ఉంది. అక్కడికి వచ్చేసరికి, వాక్యంలో ఉన్నదానికంటే సండేస్కూల్లో విన్నదే అందరికీ ఎక్కువ గుర్తుంటుంది.

అపోహ: ప్రతి జంతువూ ఒక్కో జతే ఓడ ఎక్కింది.
6:19లో (6వ అధ్యాయం, 19వ వచనం) అలాగే ఉంది. కానీ 7:2 తీయండి. పవిత్ర జంతువుల్లో, అంటే బలికి తగినవాటిలో, పోతులు ఏడు, పెంటులు ఏడు. మొదటిది మొత్తానికి ఇచ్చిన ఆజ్ఞ, రెండోది దాని వివరం అని సర్దిచెప్పేవాళ్లున్నారు. కొట్టిపారేయాల్సిన వాదనేం కాదు. ఓడ దిగగానే నోవహు పవిత్ర జంతువుల్ని దహనబలి ఇచ్చాడు (8:20). ఒక్క జతే ఉంటే ఆ జాతి అక్కడితో సరి. అయితే తేడా అంకెల్లోనే లేదు. 7:16లో ఆజ్ఞ ఇచ్చింది దేవుడు, తలుపు మూసింది యెహోవా, అదీ ఒకే వచనంలో. దేవుడి పేరు ఇలా మారడం చూసే 1753లో జాన్ ఆస్ట్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు, ఆదికాండం రాశాడని సంప్రదాయం చెప్పే మోషే పాత రాతల్ని కూర్చి ఉంటాడని ప్రతిపాదించాడు. రెండు కథనాలు ఒకటిగా అల్లుకున్నాయని నేటి పండితుల్లో చాలామంది అంటారు. నాకూ అదే సబబు. కూర్చినవాడికి తేడా కనబడక కాదు, ఏదీ వదులుకోవడం ఇష్టం లేకనే రెండూ ఉంచాడనుకుంటాను.

అపోహ: నలభై రోజుల్లో అంతా అయిపోయింది.
వాన 40 రోజులు. నీళ్లు ప్రబలింది 150 రోజులు. నోవహు 600వ ఏట రెండో నెల 17న మొదలై, మరుసటి ఏడు రెండో నెల 27కి గానీ నేల ఆరలేదు.

అపోహ: నోవహు 120 ఏళ్లు ఓడ కడుతూ జనానికి దేవుడి మాట ప్రకటించాడు.
ప్రసంగాల్లో పాతుకుపోయిన మాట. 6:3లో 120 ఏళ్లు ఉన్నాయి గానీ అక్కడ ఓడ ఊసే లేదు. నోవహుకు 500 ఏళ్లప్పుడు కొడుకుల ప్రస్తావన (5:32), 600వ ఏట ప్రళయం, ఓడ కట్టమన్నప్పుడే కోడళ్ల మాట (6:18), అంటే అప్పటికే కొడుకులు పెరిగి పెళ్లిళ్లయ్యాయి. లెక్క వేసుకోండి, నూరేళ్లు కూడా రావు. అతణ్ణి నీతిని ప్రకటించినవాడు అన్నది రెండో పేతురు పత్రిక. ఆదికాండంలో మాత్రం ప్రళయం ముగిసేదాకా అతను ఒక్క ముక్క మాట్లాడడు. నాశనం కాబోతున్న సొదొమ పట్టణం కోసం అబ్రాహాము, అక్కడ నీతిమంతులు యాభైమంది ఉంటే అని మొదలుపెట్టి పదిమంది దాకా దేవుడితో బేరమాడాడు కదా, ఇతను అలా అడగనైనా అడగలేదు. వేరే తరంలో పుట్టి ఉంటే ఇతను నీతిమంతుడు అనిపించుకునేవాడా అని యూదుల గ్రంథమైన తల్మూదులో రబ్బీలు, అంటే వాళ్ల మతగురువులు, వాదించుకున్నారు. చివరికి నోరు విప్పేది 9:25లో, తాగిన మత్తు దిగాక, మనవణ్ణి శపించడానికి.

అపోహ: దేవుడు నోవహు కొడుకు హామును శపించాడు, అందుకే నల్లవాళ్లు బానిసలు...
శపించింది నోవహు. శాపం తగిలింది హాము కొడుకు కనానుకు. తండ్రి తప్పుకు కొడుకెందుకో అక్కడ చెప్పలేదు. ఒంటి రంగు ప్రస్తావనే లేదు. అయినా 19వ శతాబ్దంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసత్వాన్ని సమర్థించడానికి ఈ వచనాలనే వాడుకున్నారు. ఇప్పటికీ ఎవరైనా ఈ మాట ఎత్తితే నాకు ఓపిక ఉండదు.

అపోహ: ఇది బబులోను కథకు కాపీ.
1872లో బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ బబులోను ప్రళయ కథ ఉన్న ఒక మట్టి పలక చదువుతుంటే కొండ మీద ఆగిన ఓడ, వదిలిన పావురం కనబడ్డాయి. రెండింటికీ చుట్టరికం ఖాయం, బబులోను కథే పాతది. కానీ బబులోనుదే మరో ప్రళయ గాథ అయిన అత్రహాసిస్ కథలో దేవుళ్లకు మనుషుల గోలతో నిద్ర పట్టక ప్రళయం వస్తుంది. ఆదికాండంలో మనుషుల దౌర్జన్యం వల్ల వస్తుంది. ప్రళయం న్యాయమా అన్న ప్రశ్న పుట్టేది కూడా అందుకే.

అపోహ: చెడ్డవాళ్లు పోయాక లోకం బాగుపడింది.
6:5-7, 8:21 పక్కపక్కన పెట్టి చదవండి. మనిషి హృదయం చెడ్డది కాబట్టి నాశనం చేస్తానని మొదటి చోట, మనిషి హృదయం చిన్నప్పటి నుంచీ చెడ్డది కాబట్టి ఇక ఎన్నడూ నాశనం చేయనని రెండో చోట. కారణం అదే, తీర్పు తలకిందులైంది. మనిషి మారలేదు, దేవుడే తన పద్ధతి మార్చుకున్నాడు. మరి ముంచడమెందుకని విద్యార్థులు నిలదీస్తారు. నిలదీయాల్సిందే.

చంటిపిల్లల సంగతి కూడా అడుగుతారు. పెద్దయితే వాళ్లూ చెడిపోయేవాళ్లేగా అని కొందరు టీచర్లు చెప్పేస్తుంటారు. ఆ జవాబు వాక్యంలో లేదు, చెప్పకండి. ఓడలో ఉన్న ఎనిమిదిమంది తప్ప పిల్లలతో సహా అందరూ పోయారన్నదే కథ. ఆ పిల్లలు చేసిన పాపమేమిటో ఆదికాండం చెప్పలేదు. ఈ మాట చెప్పే ధైర్యం లేకపోతే ఐదేళ్లవాళ్ల క్లాసులో ఈ పాఠం వాయిదా వేయండి, కథ చివర్లో వచ్చే ఇంద్రధనుస్సుకు రంగులు వేయించి దాటేయడం కన్నా అదే నయం.