తిరుపతి సీటు: లోకల్, నాన్ లోకల్ గొడవ ఎక్కడ మొదలైంది?

2024 ఎన్నికల ముందు జనసేన తిరుపతి టికెట్‌ను ఆరణి శ్రీనివాసులుకు ఇవ్వగానే టౌన్‌లో గట్టిగా వినిపించిన మాట 'నాన్ లోకల్'. ఆయన అప్పటిదాకా చిత్తూరు ఎమ్మెల్యే, అదీ వైసీపీ తరఫున. పొత్తులో సీటు పోయిందని టీడీపీ వాళ్ల బాధ. ఇన్నాళ్లూ జెండా మోసింది మేమైతే పక్క ఊరి నుంచి మనిషిని తెస్తారా అని స్థానిక జనసేన వాళ్ల మంట. అలకలు, బుజ్జగింపులు అయ్యాక అందరూ సర్దుకున్నారు. ఫలితాల రోజు ఆరణి మెజారిటీ 61,956.

అయితే ఇక్కడి ఓటరుకు లోకల్ పట్టింపు లేదనుకోవాలా? ఉంది. కాకపోతే అది గెలిపించేటప్పుడు కనపడదు, గెలిచినాయన వెళ్లిపోయాక బయటికొస్తుంది. ఈ ఊరి ఎన్నికల చరిత్రలో అది రెండుసార్లు జరిగింది.

మొదటిది ఎన్టీఆర్‌తో. 1978లో ఇక్కడ గెలిచిన కాంగ్రెస్ నాయకుడు అగరాల ఈశ్వర రెడ్డి 1982 సెప్టెంబరులో శాసనసభ స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో సరిగ్గా కుదురుకోకముందే 1983 జనవరి ఎన్నికలు వచ్చి సీటు ఎన్టీఆర్ చేతికి పోయింది. తెలుగుదేశం పుట్టి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. గుడివాడతో పాటు తిరుపతిలోనూ ఆయన నిలబడ్డారు, రెండుచోట్లా గెలిచారు. ఎక్కడో కృష్ణా జిల్లా మనిషి కదా అని ఎవరికీ అనిపించలేదు. తెర మీద వేంకటేశ్వరస్వామిగా చూసిన ముఖం మరి. కొండ మీద స్వామి దర్శనం చేసుకుని, అదే బస్సులో మద్రాసు పోయి ఎన్టీఆర్ ఇంటి ముందు నిలబడి చూసొచ్చిన తరం అది. అలాంటి మనిషికి ఈ ఊళ్లో ఓటు అడగాల్సిన పనేముంది?

రెండేళ్లకే, 1985లో మధ్యంతర ఎన్నికలు. ఈసారి ఎన్టీఆర్ హిందూపురం, నల్గొండ, గుడివాడల్లో పోటీ చేశారు. తిరుపతికి రాలేదు. రాష్ట్రమంతా టీడీపీ ఊపు, 294లో 202 సీట్లు. తిరుపతి మాత్రం కాంగ్రెస్ అభ్యర్థి మబ్బు రామిరెడ్డిని గెలిపించింది. 1989లో మళ్లీ ఆయన్నే. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఇక్కడ వరసగా రెండు ఎన్నికలు గెలిచిన ఎమ్మెల్యే మరొకరు లేరు.

1994లో, 1999లో టీడీపీ గెలిచింది. 1999 విజేత చదలవాడ కృష్ణమూర్తి. 2003 అక్టోబరు 1న అలిపిరిలో చంద్రబాబు కాన్వాయ్ మీద మందుపాతర పేలింది. నెలన్నరకు ఆయన అసెంబ్లీని రద్దు చేయించి ముందస్తు ఎన్నికలకు వెళ్లారు. సానుభూతి పనిచేస్తుందన్న లెక్క ఆ పేలుడు జరిగిన ఊళ్లోనే తప్పింది. 2004లో కాంగ్రెస్ నుంచి ఎం.వెంకటరమణ గెలిచారు.

రెండోది చిరంజీవితో. 2008 ఆగస్టు 26న ప్రజారాజ్యం పార్టీని ప్రకటించింది తిరుపతి సభలోనే. బలిజ ఓట్లు బాగా ఉన్న టౌన్, పైగా అభిమాన సంఘాల బలం. 2009లో పాలకొల్లు, తిరుపతి రెండుచోట్లా నామినేషన్ వేస్తే సొంత జిల్లాలోని పాలకొల్లు ఓడించింది, తిరుపతి గెలిపించింది. కాంగ్రెస్ నుంచి పోటీ చేసిన భూమన కరుణాకర రెడ్డి మీద 15,930 మెజారిటీ. 2011లో పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది, మరుసటి ఏడాది చిరంజీవి రాజ్యసభకు వెళ్లారు. ఉప ఎన్నికలో ఆయన కొత్త పార్టీ కాంగ్రెస్ వెంకటరమణను నిలబెడితే, అప్పటికి వైసీపీలోకి మారిన భూమన ఓడించారు. అతిథిని మనసారా గెలిపించడం, ఆయన వదిలేసి వెళ్తే ఆ కోపం ఆయన పార్టీ మీద చూపించడం: 1985లో జరిగిందే 2012లోనూ జరిగింది.

అక్కడి నుంచి వరస పోలింగ్‌లు. 2012 జూన్, 2014 మే, 2015 ఫిబ్రవరి. మూడేళ్లు తిరక్కుండా మూడుసార్లు ఎమ్మెల్యే ఎన్నిక. 2014లో టీడీపీలోకి మారి గెలిచిన వెంకటరమణ ఆ డిసెంబరులోనే చనిపోయారు. ఉప ఎన్నికలో ఆయన భార్య సుగుణమ్మ 1,16,524 ఓట్ల మెజారిటీతో గెలిచారు. వైసీపీ పోటీకే దిగలేదు కాబట్టి ఆ అంకెను టీడీపీ బలంగా చూడటం నా దృష్టిలో పొరపాటు. ఎందుకంటే 2019లో అదే సుగుణమ్మ భూమన చేతిలో ఓడిపోయారు, తేడా 708 ఓట్లు. రాష్ట్రంలో వైసీపీ 151 సీట్లు కొట్టిన ఏడాది ఇక్కడ దక్కింది 708! ఆ కౌంటింగ్ రోజు టెన్షన్ రెండు పార్టీల వాళ్లూ ఇంకా మర్చిపోలేదు. అప్పుడు విడిగా నిలబడిన జనసేనకు పడిన ఓట్లు ఆ తేడాకు ఎన్నో రెట్లు. 2024లో టీడీపీ, జనసేన ఒక్కటయ్యాక వైసీపీ నుంచి భూమన కొడుకు అభినయ్ రెడ్డి నిలబడితే ఏమైందో మొదట్లోనే చెప్పాను.

'బయటివాళ్లు' అన్న మాటకు ఇక్కడ ఇంకో అర్థం కూడా ఉంది. 2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక. పోలింగ్ రోజు బస్సుల్లో జనాన్ని దించి దొంగ ఓట్లు వేయిస్తున్నారని ప్రతిపక్షాలు గొడవ చేశాయి. వాళ్లు దర్శనానికి వచ్చిన భక్తులని అప్పటి అధికార పార్టీ వైసీపీ అంది. రోజూ వేలమంది కొత్తవాళ్లు బస్సు దిగే ఊళ్లో ఆ జవాబు ఎంత సులువో చూడండి. వ్యవహారం అక్కడితో ఆగలేదు. ఓటరు కార్డుల డౌన్‌లోడ్ లాగిన్ దుర్వినియోగమైందని తేలి, అప్పటి ఎన్నికల నమోదు అధికారి మీద 2024 జనవరిలో సస్పెన్షన్ వేటు పడింది.

అసలు లోకల్ ఎవరన్నది తేల్చడమే కష్టం. టీటీడీ ఉద్యోగానికో, యూనివర్సిటీ చదువుకో, రుయా ఆసుపత్రిలో పనికో, కొండ కింద వ్యాపారానికో వచ్చి ఉండిపోయినవాళ్లతో పెరిగిన ఊరిది. దానికి తోడు నియోజకవర్గాల పునర్విభజన తర్వాత తిరుపతి సీటంటే దాదాపుగా కార్పొరేషన్, పైన తిరుమల. తిరుపతి రూరల్ మండలం పక్కనున్న చంద్రగిరి నియోజకవర్గం కిందికి వస్తుంది. తిరుచానూరు వాళ్లూ, అవిలాల వాళ్లూ బజారుకు, బడికి, ఆసుపత్రికి వచ్చేది తిరుపతికే, ఎమ్మెల్యే ఓటు మాత్రం చంద్రగిరికి. పుట్టి పెరిగింది తిరుపతి అని చెప్పుకునే చాలామందికి తిరుపతి ఎమ్మెల్యేను ఎన్నుకునే హక్కే లేదన్నమాట.

గ్రేటర్ తిరుపతి పేరుతో చుట్టుపక్కల పంచాయతీలను కార్పొరేషన్‌లో కలపాలన్న ప్రతిపాదన నడుస్తోంది. అది జరిగినా అసెంబ్లీ సరిహద్దులు వాటంతట అవి మారవు, దానికి మళ్లీ పునర్విభజన కావాలి. అప్పటిదాకా ఆ కలిసే ఊళ్ల వాళ్లు కార్పొరేటర్‌ను తిరుపతికీ, ఎమ్మెల్యేను చంద్రగిరి లాంటి తమ పాత నియోజకవర్గానికీ ఎన్నుకోవాల్సిందే.