వెబ్ ఆప్షన్లు ఎన్ని పెట్టాలి? అపోహలు - వాస్తవాలు

కావలిలో ఇంటర్ పిలకాయలకు లెక్కలు చెబుతాను. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చినప్పటి నుంచి సీట్లిచ్చే కౌన్సెలింగ్ ముగిసేదాకా ఉలవపాడు, సింగరాయకొండ, అల్లూరు, కొడవలూరు నుంచి తల్లిదండ్రులు ర్యాంకు కార్డు పట్టుకొని ఇంటికొస్తారు. "సార్, ఎన్ని కాలేజీలు పెట్టమంటారు?" అని అడుగుతారు. కావాల్సిన కాలేజీ, బ్రాంచి జతల్ని ఇష్టం వరసలో ఆన్‌లైన్లో పెట్టుకోవడమే వెబ్ ఆప్షన్లంటే. ఆ ప్రశ్న వెంట ఎవరెవరో చెప్పిన మాటలు కూడా వస్తాయి. వాటి గురించే ఇది.

అపోహ: ఎక్కువ ఆప్షన్లు పెడితే మంచి కాలేజీ తప్పిపోయి కిందిది వస్తుంది.

అన్నిటికన్నా నష్టం చేసేది ఈ మాటే. సీట్లు కేటాయించేటప్పుడు కంప్యూటర్ ర్యాంకు వరసలో ఒక్కొక్కరినే తీసుకుంటుంది. మీ వంతు వచ్చినప్పుడు మొదటి ఆప్షన్‌లో మీకు వర్తించే సీటు మిగిలుందా అని చూస్తుంది. ఉంటే ఇచ్చేస్తుంది, లేకపోతే రెండోదానికి దిగుతుంది. పైన దొరికితే కిందివాటి జోలికే పోదు. 90వ ఆప్షన్ అక్కరకొచ్చేది పై 89 దొరకనప్పుడే. కౌన్సెలింగ్ ఫీజు కూడా పెరగదు. ఓసీ, బీసీలకు 1,200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600. పది పెట్టినా నూరు పెట్టినా అంతే.

అపోహ: ఫలానా కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టినవాళ్లకే ఆ సీటు ముందు ఇస్తారు.

ఇవ్వరు. మీ వరస మీ ఇష్టాన్ని మాత్రమే చెబుతుంది. ఇద్దరి మధ్య తేల్చేది ర్యాంకు, రిజర్వేషన్లే. అందుకే రాదేమో అనిపించిన కాలేజీని పైన పెట్టడానికి జంకొద్దు.

అపోహ: ఇరవై పెట్టాం, చాలు.

ఒకమ్మాయి తెచ్చిన కాగితం నాకింకా గుర్తుంది. రూళ్ల నోటుబుక్కులోంచి చించిన పేజీ. వాళ్ల నాయన ఎంతో ఓపిగ్గా కాలేజీ కోడు, పక్కన బ్రాంచి కోడు రాసుకొచ్చాడు: సీఎస్ఈ, సీఎస్ఎం, సీఎస్‌డీ, ఐఎన్ఎఫ్, అన్నీ కంప్యూటర్ బ్రాంచీలే. ఇరవై వరసలున్నాయి. వేలు పెట్టి లెక్కపెడితే కాలేజీలు అయిదే, అన్నీ విజయవాడ, గుంటూరు పక్కవే. అంతకుముందు ఏడాది ఆ సీట్లన్నీ ఆమె ర్యాంకు కన్నా చాలా ముందే అయిపోయాయి. ఒకే ఆశను ఇరవై సార్లు రాసినట్టయింది. ఆ ఇరవైని తీసేయలేదు, పైనే ఉంచాం. వాటి కింద అవే కాలేజీల్లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), ఆ తర్వాత ఒంగోలు, కావలి, నెల్లూరు, గూడూరు కాలేజీలు చేర్చాం. జాబితా ప్రాణం దాని అడుగు భాగంలోనే ఉంటుంది. ర్యాంకు వేలల్లో ముందున్నవాళ్లకు పాతిక సరిపోవచ్చు గానీ, లక్ష దాటినవాళ్లకు ఎనభై కూడా నా లెక్కలో ఎక్కువేం కాదు.

అపోహ: పోయినేడు ఆ కాలేజీలో సీటొచ్చిన ఆఖరి ర్యాంకు చూసుకుంటే సరిపోతుంది.

మన రెండు జిల్లాలవాళ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఉమ్మడి ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ ఏరియా, ఉమ్మడి నెల్లూరు శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ఏరియా. 85 శాతం సీట్లు ఆ ఏరియా లోకల్ పిలకాయలకే. మిగతా 15 శాతానికి అందరూ పోటీ. ఒంగోలు అబ్బాయి తిరుపతి కాలేజీ కోరుకుంటే ఆ 15 శాతంలోనే పోటీ పడాలి. ఆఖరి ర్యాంకు లోకల్ విద్యార్థిది కావచ్చు, అది చూసి ధీమా పడకూడదు. నెల్లూరు అమ్మాయి గుంటూరు వైపు పెట్టినా ఇదే సంగతి.

లోకల్ ఎవరన్నది సాధారణంగా చదువును బట్టి తేలుతుంది. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఒకే ఏరియాలో చదివుండాలి. అలా లేకపోతే చివరి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. ఒంగోలులో పది దాకా చదివి, నెల్లూరు హాస్టల్లో ఇంటర్ చేసినా ఆ బిడ్డ ఆంధ్రా యూనివర్సిటీ లోకలే. అందుకే స్టడీ సర్టిఫికెట్లు ముందు పెట్టుకొని, ఆ తర్వాతే కాలేజీల జాబితా తీయమంటాను.

అపోహ: ఎన్నైనా పెట్టొచ్చు కాబట్టి ఉన్నవన్నీ పెట్టేద్దాం.

చేరనని గట్టిగా అనుకున్న కాలేజీని ఒక్కటి కూడా పెట్టొద్దు. ముఖ్యంగా రెండో విడతలో. మొదటి విడత సీటు చేతిలో ఉండగా మళ్లీ ఆప్షన్లు పెట్టి, వాటిలో ఏది వచ్చినా పాత సీటు దానంతటదే రద్దవుతుంది. తిరిగి అడిగినా ఇవ్వరు. కాబట్టి అప్పుడు చేతిలో ఉన్నదానికన్నా మేలైనవే పెట్టాలి, అవి మూడైనా సరే.

అపోహ: ప్రైవేటు యూనివర్సిటీలన్నిటికీ అప్లికేషన్లు వేసి ఉంచడం మంచిది.

ఇక్కడ మాత్రం లెక్క చూసుకోవాలి, ఎందుకంటే చాలావాటికి వేరే పరీక్ష, వేరే ఫీజు. నాలుగేళ్ల ఖర్చు ఇల్లు మోయగలదనుకున్న ఒకటి రెండు చాలు. రాష్ట్రంలోని ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలోనే, అంటే ఈ కౌన్సెలింగ్‌లోనే భర్తీ అవుతాయి, వాటిని వెబ్ ఆప్షన్లలోనే పెట్టుకోవచ్చు. కాలేజీవాళ్లే నేరుగా ఇచ్చే మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని కూడా ముందే తెలుసుకోండి.

ఇంకొక్క మాట. "మేమే ఉచితంగా ఆప్షన్లు పెట్టిస్తాం" అని ఏ కాలేజీ మనిషి ఇంటికొచ్చినా పాస్‌వర్డ్, ఓటీపీ ఇవ్వకండి. వాళ్ల కాలేజీ మొదటి వరసలోకి ఎక్కితే, మీ ర్యాంకుకు అంతకన్నా మంచిది వచ్చేదైనా కంప్యూటర్ కిందికి చూడదు. ఆప్షన్లను ఖాయం చేసే ఫ్రీజ్ నొక్కేముందు ప్రింటు తీసి, పిల్లల చేత ఒక్కో వరసా పైకి చదివించండి.