చెక్కు ఇచ్చినవాళ్లదే మాట: అమెరికా కాలేజీ ఆటల్లో దాతల చరిత్ర

అమెరికా యూనివర్సిటీలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించడం 2025 జులై 1న మొదలైంది. అంతకు మూడు వారాల ముందు, జూన్ 6న, ఆటగాళ్లు వేసిన ‘హౌస్’ కేసులో కుదిరిన రాజీని జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించారు. దాని ప్రకారం తొలి ఏడాది ఒక్కో యూనివర్సిటీ సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు పంచవచ్చు. దాతలు విడిగా ఇచ్చే డబ్బు మీద తనిఖీ ఉండాలని కూడా అందులో రాసుకున్నారు. గొడవ వెంటనే ఆ తనిఖీ దగ్గరే మొదలైంది. ఆ గొడవ అర్థం కావాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1852లో హార్వర్డ్, యేల్ విద్యార్థుల మధ్య జరిగిన పడవ పందెమే అమెరికాలో తొలి కాలేజీల పోటీ. దాని ఖర్చు పెట్టుకున్నది ఓ రైలు కంపెనీ. పందెం చూడటానికి జనం తమ రైలెక్కి వస్తారని ఆశ. 1929లో కార్నెగీ ఫౌండేషన్ వందకు పైగా కాలేజీలను పరిశీలించి, ఆటగాళ్లకు లోపాయికారీగా డబ్బు, ఉద్యోగాలు ముట్టజెప్పడం ఎక్కువ చోట్ల మామూలైపోయిందని తేల్చింది. పూర్వ విద్యార్థులు, ఊళ్లోని వ్యాపారులు అందులో ముందున్నారు. ఇలాంటి అభిమాన దాతలను అక్కడ బూస్టర్లు అంటారు.

కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ నియమం చాలా కాలం ఒక్కటే: ఆడేవాడికి చదువు ఖర్చు తప్ప పైసా ఇవ్వకూడదు. ఆట మీద మాత్రం టికెట్ల డబ్బు, టీవీ డబ్బు, విరాళాలు కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. ఆటగాడి చేతికి చట్టబద్ధంగా వెళ్లలేని సొమ్ము స్టేడియాలకు, కోచ్‌ల జీతాలకు వెళ్లింది. మిగతాది కవర్లలో వెళ్లింది.

కవర్ల కథల్లో పెద్దది డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీది. 1985లో ఎన్‌సీఏఏ అక్కడి (అమెరికన్) ఫుట్‌బాల్ జట్టును శిక్షించి, కొందరు బూస్టర్లను దూరం పెట్టమంది. అయినా ఓ బూస్టర్ నిధి నుంచి 13 మంది ఆటగాళ్లకు మొత్తం 61 వేల డాలర్ల దాకా చెల్లింపులు సాగాయి. 1987 ఫిబ్రవరిలో ఆ ఏడాది సీజన్ మొత్తాన్నీ రద్దు చేశారు. ఆ తర్వాత ఏ పెద్ద ఫుట్‌బాల్ జట్టుకూ అంత శిక్ష పడలేదు. వారం తిరక్కుండానే టెక్సస్ గవర్నర్ బిల్ క్లెమెంట్స్ బయటికొచ్చి, తాను యూనివర్సిటీ పాలకమండలి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆ చెల్లింపులు కొనసాగించడానికి ఒప్పుకున్నానని చెప్పారు. ఇచ్చిన మాట తప్పితే ఆటగాళ్లు నోరు విప్పుతారన్న భయం పాలకమండలిది. సీజన్ పోగొట్టుకున్నది మాత్రం ఆ డబ్బు ముట్టని కుర్రాళ్లు కూడా. నాకు ఇప్పటికీ మింగుడుపడని అన్యాయం అదే.

చట్టం కూడా దాతల వైపే వంగింది. స్టేడియంలో మంచి సీటు కావాలంటే ముందు విరాళం ఇవ్వాలన్నది కాలేజీల పద్ధతి. ఆ విరాళంలో 80 శాతానికి పన్ను మినహాయింపు ఇస్తూ 1988లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చట్టం చేసింది. దాన్ని ఎత్తేసింది 2017లో.

బహిరంగంగా ఇచ్చిన డబ్బుకూ షరతులుంటాయి. బూట్లు, క్రీడా దుస్తుల కంపెనీ నైకీ సహ వ్యవస్థాపకుడు ఫిల్ నైట్ ఒరెగాన్ యూనివర్సిటీలో పరుగు పందేల్లో పాల్గొన్న విద్యార్థి. ఆయన డబ్బుతోనే అక్కడి ఫుట్‌బాల్ జట్టు దేశమంతా తెలిసింది. 2000 ఏప్రిల్‌లో, విద్యార్థుల ఆందోళన తర్వాత, దుస్తుల ఫ్యాక్టరీల్లో కార్మికుల పరిస్థితిని గమనించే వర్కర్ రైట్స్ కన్సార్షియంలో ఆ యూనివర్సిటీ చేరింది. నైకీకి ఆ సంస్థ అంటే గిట్టదు. ఇక విరాళాలు ఇవ్వనని నైట్ ప్రకటించారు. స్టేడియం విస్తరణకు ఆయన ఇవ్వాల్సిన 3 కోట్ల డాలర్లు ఆగాయి. మరుసటి ఏడాది యూనివర్సిటీ ఆ సంస్థ నుంచి బయటికొచ్చింది, డబ్బు తిరిగొచ్చింది. కుట్టు మిషన్ల దగ్గర కూర్చునే ఆడవాళ్ల గురించి ఓ యూనివర్సిటీ మాట్లాడగలదా లేదా అన్నది స్టేడియం బిల్లు తేల్చేసింది.

ఓక్లహోమా స్టేట్ కథ ఇంకో రకం. చమురు కోటీశ్వరుడు టి. బూన్ పికెన్స్ 2005 చివర్లో ఆటలకు 16.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆ సొమ్మును ఆయనే నడిపే హెడ్జ్ ఫండ్‌లో (సంపన్నుల డబ్బును మార్కెట్‌లో పెట్టే నిధిలో) పెట్టారు. 2008 మార్కెట్ పతనంలో అది బాగా కరిగి, తలపెట్టిన నిర్మాణాలు కొన్ని ఆగిపోయాయి. క్రీడా ప్రాంగణం కోసం స్టేడియం పక్కనున్న ఇళ్లు కొని ఖాళీ చేయించారు. భూసేకరణ అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2007లో ఇంకో పథకం: పాతిక మందికి పైగా వయసు మళ్లిన దాతల పేర్ల మీద తలా కోటి డాలర్ల జీవిత బీమా తీసుకున్నారు. వాళ్లు పోయాక ఆ డబ్బు ఆటల శాఖకు రావాలి. రెండేళ్లకే పథకం వదిలేసి, కట్టిన ప్రీమియం కోసం కోర్టుకెళ్లి ఓడారు. మన పిల్లలు ఎమ్మెస్‌కి వెళ్లేది ఇలాంటి యూనివర్సిటీలకే. ఏ ఆటా చూడనివాళ్ల ఫీజు బిల్లులోనూ చాలా చోట్ల అథ్లెటిక్స్ ఫీజు ఉంటుంది.

2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం వాడుకోనిచ్చి సంపాదించుకోవడానికి ఎన్‌సీఏఏ అనుమతించింది. అది న్యాయమే, చాలా ఆలస్యంగా జరిగిన న్యాయం. నెలల్లోనే దాతలు ‘కలెక్టివ్’లనే సంఘాలు పెట్టి, ప్రకటనల ఒప్పందాల పేరుతో జీతాలివ్వడం మొదలెట్టారు. కోచ్‌ల ఖర్చూ తగ్గలేదు. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను పంపించేయడానికే 7.5 కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకుంది. అదే ఏడాది సదరన్ మెథడిస్ట్ పెద్ద లీగ్‌లో చోటు కోసం తొమ్మిదేళ్ల టీవీ వాటా వదులుకుంటే, దాతలు వారంలో 10 కోట్ల డాలర్లు పోగుచేశారు.

ఇప్పుడు అందరూ చూస్తున్నది టెక్సస్ టెక్ యూనివర్సిటీని. అక్కడి కలెక్టివ్‌ను ప్రారంభించినవాళ్లలో ఒకరైన కోడీ క్యాంప్‌బెల్ చమురు వ్యాపారి, అక్కడి ఫుట్‌బాల్ జట్టు మాజీ ఆటగాడు, 2025లో యూనివర్సిటీ పాలకమండలి అధ్యక్షుడు కూడా అయ్యారు. సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట)లో బంతి విసిరే నిజారీ కనాడీకి 2024లో ఆ కలెక్టివ్ ఏడాదికి పది లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. 2025లో ఆమె జట్టు మొదటిసారి జాతీయ ఫైనల్స్‌కు చేరింది. ఆమెకు దక్కింది ఆమె కష్టానికి ఫలితం, అందులో తప్పులేదు. క్లెమెంట్స్ మాత్రం పాలకమండలి అధ్యక్షుడిగా ఉండి చేసిన పనిని దాచాల్సి వచ్చింది. ఇప్పుడు డబ్బు ఇచ్చేవాళ్లే ఆ కుర్చీలో కూర్చుంటే, వాళ్లకు కాదని చెప్పాల్సిన అధికారి తిరిగి వాళ్లకే జవాబు చెప్పుకోవాలి. హౌస్ రాజీలో పెట్టిన తనిఖీ ఆటగాడి ఒప్పందాన్ని చూస్తుంది, ఆ కుర్చీని చూడదు.