పాత మాత్ర మానే రాత్రులు

రాత్రి భోజనం ముగించి మంచం మీద వాలగానే పిక్కల లోపల ఏదో పాకుతున్నట్లు మొదలై, లేచి నాలుగడుగులు వేస్తే తప్ప ఊరుకోని బాధను మన ఇళ్ళల్లో ‘కాళ్ళు పీకుతున్నాయి’ అనో ‘గుంజుతున్నాయి’ అనో చెబుతారు. కొందరు పిక్కలకు తువ్వాలు బిగించి కట్టుకుంటారు, కొందరు పిల్లల చేత కాళ్ళు పట్టించుకుంటారు, మరికొందరు ఇల్లంతా నిద్రపోయాక వరండాలో తిరుగుతూ ఉంటారు. కదిలితే తగ్గడం, కదలకుండా ఉంటే పెరగడం, రాత్రివేళ ఎక్కువ కావడం అనే లక్షణాలు కలిసి ఉంటే అది రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ కావచ్చు. కూర్చుని కాళ్ళు ఊపితే దరిద్రమని పెద్దలు మందలించే అలవాటుకూ దీనికీ సంబంధం లేదు. ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే ఈ రోగులను వర్ణిస్తూ, చిత్రహింసకు గురవుతున్నవారికంటే వీరికి నిద్ర ఎక్కువేమీ పట్టదన్న అర్థంలో రాశాడు. 1940లలో స్వీడన్‌కు చెందిన నరాల వైద్యుడు కార్ల్-ఆక్సెల్ ఎక్‌బామ్ దీనికి ఇప్పటి పేరు పెట్టాడు.

ఈ వ్యాసం వ్యాధి గురించి కంటే, దానికి వాడుతున్న మందును మార్చుకోవలసి వచ్చిన రోజుల గురించి. మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనంలా పనిచేసే రోపినిరోల్‌కు 2005లో, ప్రమిపెక్సోల్‌కు 2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ వ్యాధికి అనుమతి ఇచ్చింది. మొదటి మాత్రతోనే ఏళ్ళ తరబడి లేని నిద్ర పట్టిందని చెప్పే రోగులు ఎందరో ఉన్నారు, అది అతిశయోక్తి కాదు. చిక్కు ఆ తరువాత వస్తుంది. కొన్ని నెలలకో ఏళ్ళకో రాత్రి పదింటికి మొదలయ్యే బాధ సాయంత్రం ఆరింటికి, తరువాత మధ్యాహ్నం నాలుగింటికి జరుగుతుంది. కాళ్ళకే పరిమితమైనది చేతులకు పాకుతుంది, మాత్ర ప్రభావం ఉండే సమయం తగ్గిపోతుంది. దీన్ని ‘ఆగ్మెంటేషన్’ అంటారు. శరీరంలో డోపమైన్‌గా మారే లెవోడోపా అనే మందు వాడేవారిలో ఇది జరుగుతోందని 1996లో వైద్యులు గుర్తించారు. బాధ ముందుకు జరిగిందని మోతాదు పెంచితే కొన్నాళ్ళు ఊరట దొరికి, మళ్ళీ అంతకంటే ముందుకు జరుగుతుంది. అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేసినట్లు ఉంటుంది ఈ వ్యవహారం.

మందు మారేటప్పుడు నిద్రకూ కాళ్ళ బాధకూ ఏమవుతుందో తెలుసుకోవాలంటే, ఆ రెండూ ఒకే తీగకు వేలాడే వస్తువులు కావని ముందుగా గ్రహించాలి. ఈ రోగుల మెదడులో, ముఖ్యంగా సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట, ఇనుము నిల్వలు తక్కువగా ఉంటాయని మరణానంతర పరీక్షలూ ఎంఆర్ఐ పరీక్షలూ చూపాయి. ఆ లోటు డోపమైన్ వ్యవస్థను చెదరగొట్టి కాళ్ళు కదపాలనే తపనను పుట్టిస్తుందని భావిస్తున్నారు. దానికి తోడు మెదడును మేల్కొలిపి ఉంచే గ్లూటమేట్ అనే రసాయనం థాలమస్ అనే మెదడు భాగంలో ఎక్కువగా ఉన్నట్లు కూడా కొలతలు తేల్చాయి. డోపమైన్ మందు మొదటి భాగాన్ని అణచివేసినా, రెండవ భాగాన్ని పెద్దగా తాకదు. కాళ్ళు నెమ్మదించాయి గానీ కళ్ళు మూతపడటం లేదని కొందరు చెప్పేది ఇందుకే కావచ్చు.

ఇప్పుడు మొదటి వరుసలో నిలిచిన గాబాపెంటిన్, ప్రీగాబలిన్ మందులు వేరే దారిలో నడుస్తాయి. నరాల చివర ఉండే కాల్షియం ద్వారాలలోని ఆల్ఫా-2-డెల్టా అనే భాగానికి అతుక్కుని, గ్లూటమేట్ వంటి ఉత్తేజక రసాయనాల విడుదలను తగ్గిస్తాయి, అందుకే ఇవి నిద్రకూ నొప్పికీ కూడా పనికొస్తాయి. 2014లో ప్రచురితమైన, 719 మంది 52 వారాల పాటు పాల్గొన్న ఒక అధ్యయనంలో ఆగ్మెంటేషన్ ప్రీగాబలిన్ వాడినవారిలో 2.1 శాతానికీ, 0.5 మిల్లీగ్రాముల ప్రమిపెక్సోల్ వాడినవారిలో 7.7 శాతానికీ వచ్చింది. అది ఒక్క ఏడాది లెక్క మాత్రమే, రోగులు ఈ మందులు వాడేది పదేళ్ళూ పదిహేనేళ్ళూ. 2025లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ తన మార్గదర్శకాలలో డోపమైన్ తరహా మందులను మామూలు వాడకానికి సూచించవద్దని చెప్పింది. అయితే ఆ మందుల మీద అప్పటికే ఉన్నవారు అక్కడి నుంచి ఇక్కడికి దాటే వంతెన మాత్రం ఇరుకైనదే.

సాధారణంగా వైద్యులు కొత్త మందును ముందుగా మొదలుపెట్టి, అది పనిచేసే మోతాదుకు చేరాక, పాతదాన్ని మెట్టు మెట్టుగా దించుతారు. ప్రమిపెక్సోల్ అయితే ఒక్కో మెట్టు 0.125 మిల్లీగ్రాములు ఉండవచ్చు, మెట్టుకూ మెట్టుకూ మధ్య కొన్ని రోజులో వారాలో పట్టవచ్చు. ఆ లెక్క రోగిని బట్టి వైద్యులే నిర్ణయించాలి, ఉన్నపళంగా మానేయడం మాత్రం ప్రమాదకరం. ప్రతి మెట్టు దగ్గరా బాధ కాస్త ఎగసి తగ్గుతుంది. అన్నిటికంటే కష్టమైనవి ఆఖరి మాత్ర మానిన తరువాతి రాత్రులు. వరుసగా నాలుగైదు రాత్రులు దాదాపు నిద్రే లేకుండా, కాళ్ళలోనే గాక చేతుల్లో, నడుములో కూడా తపన పుట్టి, ఒళ్ళంతా నొప్పులతో గడవవచ్చు. సాధారణంగా కొన్ని రోజులలో, ఎక్కువగా రెండు వారాల లోపల, ఇది తగ్గుముఖం పడుతుంది.

చాలామంది ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే. మూడవ రాత్రి అర్ధరాత్రి దాటాక గదిలో తిరుగుతూ, కొత్త మందు పనిచేయడం లేదని తీర్మానించుకుని, డబ్బాలో మిగిలిన పాత మాత్ర వేసుకుంటారు. ఇరవై నిమిషాలకో గంటకో ఊరట దొరకడంతో ఆ తీర్మానం రుజువైనట్లే అనిపిస్తుంది. నిజానికి ఆ రాత్రుల బాధ పాత మందు వెళ్ళిపోతూ వసూలు చేస్తున్న బాకీ, కొత్త మందు బలాన్ని దానితో తూచడం కుదరదు. ఈ మాట ముందుగా రోగికీ, అంతకంటే ముఖ్యంగా ఇంట్లోవాళ్ళకూ చెప్పి ఉంచని వైద్యం సగం వైద్యమేనని నా అభిప్రాయం.

ఆ రాత్రులను గడపడానికి వ్యాధి స్వభావమే ఒక ఆధారం ఇస్తుంది. ఈ బాధ శరీరంలోని గడియారాన్ని అనుసరించి అర్ధరాత్రి ప్రాంతంలో ఉచ్ఛస్థితికి చేరి, తెల్లవారుజాము దాటాక సడలి, ఉదయం బాగా తగ్గుతుంది. కాబట్టి పదింటికే పడుకోవాలనే పట్టుదలను ఆ రెండు వారాలు పక్కన పెట్టి, తెల్లవారుజామున పట్టే నిద్రను ఉదయం ఎనిమిది వరకూ సాగనివ్వడం మేలు. ఉద్యోగులు ఆ రోజులకు సెలవు ముందే తీసుకోవాలి, బండి నడపకూడదు. గోరువెచ్చని నీళ్ళు కాళ్ళ మీద పోసుకోవడం, పిక్కలు పిసికించుకోవడం, నడక కొంత ఊరటనిస్తాయి. మనసు పూర్తిగా లగ్నమయ్యే పని ఉన్నప్పుడు బాధ తగ్గుతుందని చాలామంది రోగులకు అనుభవమే, చదరంగమో పదకేళియో చేతిలో ఉంటే గంట గడుస్తుంది. సాయంత్రం తరువాత టీ కాఫీలు, మద్యం మానడం మంచిది.

నొప్పి సంగతి కొంచెం చిక్కైనది. పారాసిటమాల్ వంటివి ఒళ్ళు నొప్పులకు కొంత పనిచేస్తాయేమో గానీ కదలాలనే తపనను తాకవు. తపననూ నొప్పినీ రెంటినీ అణచగలిగేవి ఓపియాయిడ్లు, అంటే నల్లమందు తరహా మందులు. తీవ్రమైన కేసుల్లో నిపుణులు తక్కువ మోతాదులో వాటిని కొద్దికాలం, కొన్నిసార్లు దీర్ఘకాలం ఇస్తారు. వాటిని గాబాపెంటిన్ తరహా మందులతో కలిపితే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది, వృద్ధులలో, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో అది మరీ ఎక్కువ. ఎవరికో రాసిన ట్రమడాల్ అనే ఓపియాయిడ్‌ను తెచ్చుకుని వేసుకోవడం ఇంకో తప్పు. మన దేశంలో 2018 నుంచి అది మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉంది, పైగా ఓపియాయిడ్లలో అది కూడా ఆగ్మెంటేషన్ కలిగించినట్లు నివేదికలు ఉన్నాయి.

మందుల దుకాణం దగ్గరే పొంచి ఉన్న ఉచ్చులు మరికొన్ని. ప్రీగాబలిన్ మొదలుపెట్టిన రోజుల్లో తల తిరగడం మామూలు. తల తిరుగుతోందని చెబితే దుకాణదారు అలవాటుగా ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్ మెదడులో డోపమైన్‌ను అడ్డుకుని కాళ్ళ బాధను పెంచుతుంది. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్‌ది కూడా అదే దారి. నిద్ర పట్టడం లేదని వేసుకునే దగ్గు మందులూ, క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న జలుబు మాత్రలూ కూడా బాధను పెంచవచ్చు. మన మార్కెట్లో ప్రీగాబలిన్‌ను నార్ట్రిప్టిలిన్‌తో కలిపిన మాత్రలు కూడా దొరుకుతాయి. నార్ట్రిప్టిలిన్ వర్గపు మందులు ఈ వ్యాధిని పెంచవచ్చు కనుక, మాత్రల పట్టీ వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదవాల్సిందే. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ రెండూ మూత్రపిండాల ద్వారానే బయటకు పోతాయి. డయాలిసిస్ చేయించుకునేవారిలో ఈ వ్యాధి మామూలు కంటే ఎక్కువ కాబట్టి, మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి చోట్ల మోతాదు లెక్క మరింత జాగ్రత్తగా వేయాలి.

మందు మార్చకముందే చేయవలసిన పని ఒకటుంది, అది శరీరంలోని ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ అనే రక్తపరీక్ష. ప్రయోగశాల కాగితం మీద 30 ఉన్నా ‘నార్మల్’ అనే రాసి ఉంటుంది. రక్తహీనతకు ఆ గీత సరిపోవచ్చు గానీ ఈ వ్యాధిలో 75 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఇనుము ఇవ్వాలని నిపుణులు సూచిస్తారు. మాత్రలు పడనివారికి రక్తనాళం ద్వారా ఫెరిక్ కార్బాక్సిమాల్టోజ్ ఎక్కిస్తారు. దాని ఫలితం కనబడటానికి వారాలు పడుతుంది, కాబట్టి ఆఖరి మాత్ర మానే వారంలో దాన్ని తలుచుకుంటే ప్రయోజనం ఉండదు. ఇనుము మాత్రను టీతో వేసుకోకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

శరీరం కంటే మనసు ఎక్కువగా కుంగే సందర్భం కూడా ఉంటుంది. డోపమైన్ మందు తగ్గించినప్పుడు కొందరికి విపరీతమైన ఆందోళన, దిగులు, మళ్ళీ ఆ మాత్రే కావాలనే తహతహ కలుగుతాయి. ఆ మందు వాడుతున్న కాలంలో జూదం, అవసరం లేని కొనుగోళ్ళు వంటి అదుపు లేని కోరికలు పుట్టినవారిలో ఇది ఎక్కువని గమనించారు. చనిపోవాలనే ఆలోచన వస్తే అది ఆ రాత్రే వైద్యునికి చెప్పాల్సిన సంగతి.

కొత్త మందు పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి ఒక చిన్న పుస్తకంలో ప్రతిరోజూ ఒక్క అంకె రాసుకుంటే చాలు: ఈ రోజు బాధ ఎన్ని గంటలకు మొదలైంది. మధ్యాహ్నం నాలుగింటికి మొదలయ్యేది ఏడింటికి, తరువాతి వారాల్లో తొమ్మిదింటికి జరిగితే, రాత్రి నిద్ర ఇంకా సర్దుకోకపోయినా ఆగ్మెంటేషన్ వెనక్కి తగ్గుతోందనడానికి అదే మొదటి గుర్తు.