పాముపొడ మందుకీ ఊపిరితిత్తుల మందుకీ చుట్టరికం

వరిలో పాముపొడ తెగులు కనిపిస్తే మన రైతు హెక్సాకొనజోల్‌నో ప్రోపికొనజోల్‌నో పిచికారీ చేస్తాడు. ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పట్టిన రోగికి డాక్టరు వొరికొనజోల్ రాస్తాడు. అజోల్‌లు అనే ఈ మందులకు పేర్ల చివర తోకే కాదు, పనీ ఒకటే. బూజు కణం పైపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారవకుండా ఇవన్నీ ఒకే ఎంజైమును అడ్డుకుంటాయి.

ఆ బూజు అసలు కాపురం నేలలో, కుళ్లే ఆకుల్లో. అక్కడ పడ్డ అజోల్‌కు చావకుండా మిగిలిన రకం పెరిగి, దాని బీజాలు గాలిలో తేలి మన ముక్కుల్లోకి వస్తాయి. నెదర్లాండ్స్‌లో జీవితంలో ఒక్క అజోల్ బిళ్ల కూడా మింగని రోగుల్లో ఈ మొండి రకం దొరికింది. తర్వాత మన దేశంలోనూ దొరికింది.

మరి కొత్త మందు కనిపెట్టొచ్చుగా? అదంత సులువు కాదు. బాక్టీరియా కణం మనకు చాలా దూరం. శిలీంధ్రం అలా కాదు, కేంద్రకం, మైటోకాండ్రియా అన్నీ మనలాగే ఉన్న దగ్గరి బంధువు. దాన్ని చంపే విషం చాలాసార్లు మనకూ విషమే. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు జనం ఊళ్లు తిరిగి వెతికిన ఆంఫోటెరిసిన్ 1950ల నాటిది, పైగా కిడ్నీలను దెబ్బతీస్తుంది. అయినా అదే దిక్కయింది. ఒళ్లంతా పాకే ఇన్‌ఫెక్షన్లకు చివరగా వచ్చిన పెద్ద కొత్త వర్గం, 2001లో మొదలైన ఎకినోకాండిన్లు.

అందుకే ఒలొరోఫిమ్ అనే కొత్త మందు మీద అంత ఆశ. ఇది కణం పైపొర జోలికి పోదు. డీఎన్‌ఏకు కావలసిన పిరిమిడిన్లను తయారుచేసే ఎంజైమును ఆపుతుంది. అదే పని చేసే ఎంజైము మనలోనూ ఉంది కానీ, దాన్ని ఈ మందు దాదాపు ముట్టుకోదు. కాండిడా అనే మరో శిలీంధ్రం మీద పనిచేయదు. ఆస్పర్‌జిల్లస్‌కు మాత్రం గట్టి దెబ్బ. 2023లో అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ మరింత సమాచారం కావాలంటూ దరఖాస్తును వెనక్కి పంపింది.

ఈలోగా జపాన్‌లోనూ అమెరికాలోనూ పంటల మీదకు ఇప్‌ఫ్లుఫెనోక్విన్ అనే బూజు మందు వచ్చేసింది. అది కొట్టేదీ ఆ ఎంజైమునే! ప్రయోగశాలలో దానికి అలవాటుపడ్డ ఆస్పర్‌జిల్లస్, ఒలొరోఫిమ్‌కూ లొంగలేదు. పరీక్షల్లో ఉన్న మరో మందు ఫోస్‌మనోజెపిక్స్‌కూ అదే చోట దెబ్బకొట్టే అమినోపైరిఫెన్ అనే పొలం జోడీ ఉంది. నన్నడిగితే, మార్కెట్‌కు రాకముందే మందును పొలంలో అరగదీయడం కంటే తెలివితక్కువ పని లేదు. మన దగ్గరైనా పంట మందుకు అనుమతి వ్యవసాయ శాఖ కింద, మనిషి మందుకు ఆరోగ్య శాఖ కింద. రెండు ఫైళ్లూ వేర్వేరు దారుల్లో నడుస్తాయి.