100 ఫోన్లకు 18 లైన్లు ఎలా సరిపోతాయి?

వంద మంది పనిచేసే కార్యాలయంలో ప్రతి బల్ల మీదా ఫోన్ ఉన్నా, బయటికి వెళ్లే లైన్లు ఇరవైలోపే ఉంటాయనీ, అయినా లైను దొరకలేదన్న ఫిర్యాదు అరుదుగానే వినబడుతుందనీ, ఇదెలా సాధ్యమనీ ఒక పాఠకుడు అడిగారు. వ్యాపార సంస్థల ఫోన్ వ్యవస్థలు ఎన్ని రూపాలు మారినా లోపల ఉన్నది ఈ చిక్కే కనుక, ఫోన్‌ను ముందుగా ఎవరు కనిపెట్టారన్న పాత తగవును పక్కనబెట్టి నేరుగా దీనిలోకే వెళ్దాం.

1878 జనవరి 28న అమెరికాలోని న్యూ హేవెన్‌లో 21 మంది చందాదారులతో వాణిజ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజి మొదలైంది. ఎక్స్ఛేంజి లేకుండా 21 మందిలో ప్రతి ఒక్కరినీ మిగిలిన అందరితో కలపాలంటే 210 జతల తీగలు కావాలి. మధ్యలో ఒక బోర్డు పెడితే 21 చాలు. పెద్ద సంస్థలు తరువాత అలాంటి బోర్డునే తమ భవనంలో పెట్టుకున్నాయి, అదే పీబీఎక్స్. ప్లగ్గులు మార్చే ఆపరేటర్ పనిని యంత్రం అందుకున్నాక అది పీఏబీఎక్స్ అయింది, ఎలక్ట్రానిక్ భాగాలు వచ్చాక ఈపీఏబీఎక్స్ అయింది. లోపలి ఫోన్లన్నీ ఎక్స్‌టెన్షన్లు, బయటి ఎక్స్ఛేంజికి వెళ్లేవి ట్రంక్ లైన్లు. ఎన్ని ఎక్స్‌టెన్షన్లకు ఎన్ని ట్రంకులు కావాలన్నదే ప్రశ్న.

దీనికి లెక్క కట్టినవాడు కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణితవేత్త ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్. 1909లో ఒక వ్యాసం, 1917లో అసలు సూత్రం ప్రచురించాడు. ఒక లైను గంటసేపు ఖాళీ లేకుండా నడిస్తే ఆ రద్దీని ఇప్పుడు ఆయన పేరుతోనే ఒక ఎర్లాంగ్ అంటారు. మన వంద మందిలో ప్రతి ఒక్కరూ రద్దీ గంటలో ఆరేసి నిమిషాలు బయటివారితో మాట్లాడతారనుకుంటే మొత్తం 600 నిమిషాలు, అంటే 10 ఎర్లాంగులు. అలాగని 10 లైన్లు చాలవు, ఎందుకంటే కాల్స్ వరుసలో నిలబడి రావు, గుంపులుగా వస్తాయి, మధ్యలో ఖాళీలు వదులుతాయి.

ఎర్లాంగ్ సూత్రాన్ని కాగితం మీద మెట్టు మెట్టుగా ఎక్కవచ్చు. లైన్లే లేకపోతే కాల్ విఫలమయ్యే సంభావ్యత 1. తరువాత ప్రతి మెట్టులోనూ పాత సంభావ్యతను రద్దీతో, అంటే 10తో, గుణించాలి. వచ్చిన లబ్ధాన్ని, అదే లబ్ధానికి లైన్ల సంఖ్యను కలిపిన మొత్తంతో భాగించాలి. ఒక లైనుకు 10/11, అంటే 0.909. రెండింటికి 0.82. ఇలా పోతే 10 లైన్ల దగ్గర 0.215, 15 దగ్గర 0.036, 18 దగ్గర 0.007. అంటే 18 లైన్లుంటే వెయ్యి ప్రయత్నాల్లో సుమారు ఏడు మాత్రమే విఫలమవుతాయి. సంభావ్యతను పాచికలతో, రంగు బంతులతో బోధించి విసిగించే బదులు, ఈ ఒక్క లెక్కను పిల్లల చేత చేయిస్తే ఎంత బాగుంటుందో!

అసలు విశేషం ఇంకా ముందుంది. అదే కార్యాలయాన్ని పది విభాగాలు చేసి, ఒక్కో విభాగానికి విడిగా లైన్లు ఇచ్చామనుకోండి. ఒక్కోదాని రద్దీ ఒక ఎర్లాంగ్. వైఫల్యం నూటికి ఒకటి దాటకూడదంటే ఒక్కో విభాగానికి 5 లైన్లు, మొత్తం 50 కావాలి. కలిపి వాడుకుంటే 18, విడదీస్తే 50! పీబీఎక్స్ ఆదా అంతా ఈ తేడాలోనే ఉంది.

అయితే ఒక షరతు ఉంది: మాట్లాడేవారి అవసరాలు ఒకరితో ఒకరికి సంబంధం లేనివై ఉండాలి. పది మంది ఉన్న ఇంట్లో మూడు గొడుగులతో సర్దుకుందామంటే కుదరదు, వాన కురిస్తే అందరికీ ఒకేసారి గొడుగు కావాలి కాబట్టి. భూకంపం వచ్చినప్పుడు ఫోన్లు పలకకపోవడానికి ఒక కారణం ఇదే. ఆ క్షణంలో ఫోన్ కూడా గొడుగు అయిపోతుంది. ఇక "నేను చేసినప్పుడే లైను బిజీగా ఉంటుంది, నా జాతకమంతే" అనేవారికి ఒక మాట: అది గ్రహాల పని కాదు, రద్దీ గంటను రద్దీ గంటగా మార్చినవాళ్లలో మీరూ ఒకరు.

డిజిటల్ యుగంలో పంచుకునే వస్తువు తీగ నుంచి కాలానికి మారింది. గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లలో రాస్తే సెకనుకు 64,000 బిట్లు. ఈ1 అనే లైనులో ప్రతి 125 మైక్రోసెకన్లకూ 32 గడులు నడుస్తాయి, వాటిలో 30 సంభాషణలకు. ఆ కొలతలను యంత్రం జ్ఞాపకంలో (మెమరీలో) ఒక వరుసలో రాసి మరో వరుసలో చదివితే చాలు, ఎవరి మాట ఎవరికి చేరాలో అక్కడికి చేరుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేని స్విచ్ అది.

ఇంటర్నెట్ ఫోన్లలో ఆ గడులు కూడా పోయాయి. 20 మిల్లీసెకన్ల మాట 160 బైట్ల పొట్లమవుతుంది, దాని మీద చిరునామాల వంటి వాటికి 40 బైట్లు, సెకనుకు 50 పొట్లాలు, మొత్తం 80 కిలోబిట్లు. 1999లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికా ప్రోగ్రామర్ తన సంస్థకు పీబీఎక్స్ కొనే స్తోమత లేక ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ రాసుకున్నాక, మామూలు కంప్యూటరే పీబీఎక్స్ కాగలదని తేలిపోయింది.

దాంతో లైన్ల కొరత చాలావరకు తీరింది, వచ్చిన కాల్స్‌కు జవాబిచ్చే మనుషుల కొరత మిగిలింది. ఇక్కడ ఎర్లాంగ్ రెండో సూత్రం పనికొస్తుంది, అది క్యూలో వేచి ఉండేవారిది. గంటకు 200 కాల్స్, ఒక్కోటి సగటున మూడు నిమిషాలు అనుకుంటే రద్దీ మళ్లీ 10 ఎర్లాంగులే. జవాబిచ్చేవారు 11 మందైతే సగటు నిరీక్షణ రెండు నిమిషాలు దాటుతుంది. 12 మందైతే 40 సెకన్లు, 13 మందైతే 17 సెకన్లు. పద్నాలుగో వ్యక్తిని కూర్చోబెట్టినా తగ్గేది ఇంకో 9 సెకన్లే.