కుర్చీలో తుంటి ఎముకకు పని లేదు

కుర్చీలో కూర్చున్నప్పుడు మన ఒంటి బరువు ఏ దారిన వెళ్తుందో ఒకసారి గమనించండి. తల, భుజాలు, ఛాతీ బరువంతా వెన్నెముక మీదుగా కిందికి దిగుతుంది. కటి ఎముక అడుగున ఉండే రెండు గుబ్బల గుండా నేరుగా సీటులోకి వెళ్ళిపోతుంది. తుంటి కీలులో ఇమిడి ఉండే తొడ ఎముక తల గానీ, దాని కింద సన్నగా వంగి ఉండే మెడ గానీ ఈ దారిలో లేవు. నిలబడినప్పుడు పై శరీరాన్నంతా మోసే ఈ భాగానికి కూర్చున్నంతసేపూ దాదాపు పనే ఉండదు. పెద్ద వయసులో జారి పడితే విరిగేది, మనిషిని నెలల తరబడి మంచాన పడేసేది ఎక్కువగా ఈ మెడే.

అమెరికా ప్రభుత్వం నిర్వహించే జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వేలో 2005–06 విడతకు వచ్చినవారు కదలికలను నమోదు చేసే చిన్న పరికరాన్ని నడుముకు కట్టుకుని రోజులు గడిపారు. ‘రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు?’ అని అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు. ఆ పరికరానికి మరపు లేదు. వాళ్ళ ఎముక సాంద్రతను, అంటే ఎముకలో ఖనిజం ఎంత చిక్కగా ఉందో, తక్కువ మోతాదు ఎక్స్-రేలతో తీసే డెక్సా స్కాన్‌తో కొలిచారు. 2014లో ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, కదలకుండా గడిపే సమయం ఎక్కువైన ఆడవాళ్ళలో తుంటి ఎముక సాంద్రత తక్కువగా కనిపించింది. వ్యాయామాన్ని లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం పోలేదు. వెన్నెముకలో మాత్రం అలాంటి సంబంధం కనిపించలేదు. బరువు వెళ్ళే దారి తెలిశాక ఇందులో ఆశ్చర్యం లేదు: కూర్చున్నా వెన్నెముక పని చేస్తూనే ఉంటుంది, తుంటికే సెలవు.

మగవాళ్ళలో కూర్చునే సమయానికీ ఎముక సాంద్రతకూ సంబంధం కనబడలేదు. దీన్ని చూసి మగవాళ్ళకు ఏమీ కాదని తేల్చేయడం తొందరపాటు. ఇలాంటి సర్వే ఒకే సమయంలో తీసిన ఫొటో లాంటిది. కూర్చోవడం వల్ల ఎముక పలచబడిందా, ఒంట్లో బాగోలేకే ఎక్కువగా కూర్చుంటున్నారా అన్నది అది విడదీసి చెప్పలేదు. పైగా మగవాళ్ళ విషయంలో ఇంతకంటే సూటి ఆధారం ఇంకొకటుంది. 1990లో వెలువడిన ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళను 17 వారాల పాటు మంచం దిగనివ్వలేదు. వాళ్ళ మడమ ఎముకలో 10 శాతానికి పైగా ఖనిజం పోయింది. తొడ ఎముక మెడలో, నడుము దగ్గరి వెన్నెముకలో 4 శాతానికి దగ్గరగా పోయింది. చేతుల్లో పెద్దగా ఏమీ పోలేదు. రోజూ ఎక్కువ బరువు మోసే ఎముకే, బరువు తీసేయగానే ఎక్కువ నష్టపోయింది. అంతరిక్ష కేంద్రంలో ఉండే వ్యోమగాములకు తుంటి దగ్గర నెలకు 1 నుంచి 1.5 శాతం ఎముక తరుగుతుంది. ముట్లు ఆగిపోయిన స్త్రీకి ఏడాది కాలంలో జరిగే నష్టం వాళ్ళకు నెలలో జరిగిపోతుందన్నమాట. వ్యోమగాముల్లో ఎక్కువమంది మగవాళ్ళే.

ఇదంతా ఎముకకు ఎలా తెలుస్తుంది? నాకు ఈ విషయంలో అన్నిటికంటే అపురూపంగా తోచేది ఇదే. గట్టిగా ఉంటుంది కాబట్టి ఎముకను మనం గోడలో ఇటుకలా చూస్తాం. పెద్దవాళ్ళ అస్థిపంజరంలో ఏటా సుమారు 10 శాతం పాతది కరిగిపోయి, ఆ స్థానంలో కొత్తది తయారవుతుంది. పాత ఎముకను కరిగించేవి ఆస్టియోక్లాస్ట్ కణాలు, కొత్తది నిర్మించేవి ఆస్టియోబ్లాస్ట్ కణాలు. ఎక్కడ కరిగించాలో ఎక్కడ కట్టాలో చెప్పేవి ఆస్టియోసైట్లు. ఎముకలోని కణాల్లో 90 శాతానికి పైగా ఇవే; పెద్ద మనిషి ఒంట్లో సుమారు 4,200 కోట్లు ఉంటాయని అంచనా. ఒక్కొక్కటీ గట్టి ఎముక మధ్యలో చిన్న గూటిలో ఉండి, వెంట్రుక కంటే ఎంతో సన్నటి కాలువల గుండా తన పోగులను పక్క కణాలదాకా చాచుకుని ఉంటుంది. ఆ కాలువల నిండా ద్రవం ఉంటుంది. మనం అడుగు వేసినప్పుడు ఎముక ఇసుమంత వంగుతుంది, కాలువల్లోని ద్రవం కదులుతుంది, ఆ ఒరిపిడిని ఆస్టియోసైట్ పసిగడుతుంది. బలంగా పరిగెత్తినా, గెంతినా ఎముక పొడవులో వచ్చే మార్పు వెయ్యింట రెండు మూడు వంతులే. 40 సెంటీమీటర్ల ఎముకలో అది మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. కణానికి అంత చాలు.

ఒరిపిడి తగలనప్పుడు ఆస్టియోసైట్లు స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. అది కొత్త ఎముక కట్టే కణాలను ఆపేస్తుంది. పుట్టుకతోనే ఈ ప్రొటీన్ లేని కొన్ని కుటుంబాల్లో ఎముకలు అసాధారణంగా చిక్కగా పెరగడం చూసే శాస్త్రజ్ఞులు దాని గుట్టు కనిపెట్టారు. దాన్ని అడ్డుకునే రోమోసోజుమాబ్ ఇంజెక్షన్‌కు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. ముట్లు ఆగాక ఎముకలు విరిగే ముప్పు బాగా ఉన్న స్త్రీలకు ఇస్తున్నారు. మంచాన పడినవారి రక్తంలో పెరిగే పదార్థమూ స్క్లెరోస్టినే. లేచి నడిస్తే తగ్గే ప్రొటీన్‌ను ఇంజెక్షన్‌తో అణచే స్థితికి వైద్యం వచ్చిందంటే, ఆ మందు అవసరమైనవారికి అది నిజంగా వరమే. మిగతావారికి మాత్రం ఇది లేచి నడవమని చెప్పే కబురు.

ఎముక లోపలి కట్టడం బరువుకు తగ్గట్టు ఉంటుందన్న సంగతి మొదట కంటపడింది 1860లలో జ్యూరిక్‌లో. శరీర నిర్మాణ శాస్త్రవేత్త హెర్మన్ మేయర్ తొడ ఎముక తలను నిలువుగా కోసి చూస్తే, లోపలి స్పాంజి ఎముకలో సన్నటి కడ్డీలు వంపులు తిరిగి ఒకదాన్నొకటి దాటుతూ కనిపించాయి. ఇంజినీరు కార్ల్ కుల్‌మన్ ఆ గీతలు చూసి, వంగిన క్రేన్‌లో ఒత్తిడి పారే దారులు ఇలాగే ఉంటాయని గుర్తుపట్టాడు. ఈ చూపును జూలియస్ వోల్ఫ్ 1892లో సూత్రంగా రాశాడు. వాళ్ళ లెక్కలో అన్నీ అక్షరాలా నిలవలేదు గానీ, బరువును బట్టి ఎముక తనను తాను మార్చుకుంటుందన్న మూలసూత్రం నిలిచింది. రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే మందంగా ఉండటం టెన్నిస్ ఆటగాళ్ళలో ఇప్పటికీ చూడొచ్చు.

మరి ఎంత బరువు, ఎన్నిసార్లు? 1984లో రూబిన్, లాన్యన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పక్షుల రెక్క ఎముకపై చేసిన ప్రయోగం దీనికి జవాబు ఇచ్చింది. ఎముకకు సహజంగా పడే భారాన్ని తప్పించి, రోజుకు కొన్నిసార్లు మాత్రం కృత్రిమంగా ఒత్తిడి పెట్టారు. ఏమీ పెట్టని ఎముక పలచబడింది. రోజుకు నాలుగుసార్లు పెట్టినది ఉన్నంతా నిలబెట్టుకుంది. 36 సార్లు పెట్టినదాంట్లో కొత్త ఎముక పెరిగింది. 1,800 సార్లకు పెంచినా అంతకు మించి ఏమీ కలిసిరాలేదు. ఎముక త్వరగా ‘విన్నాను’ అంటుంది, ఆ తర్వాత వినడం మానేస్తుంది. ఎలుకల్లో చేసిన పరిశోధనలు ఇంకో మాట చేర్చాయి: అలసిన ఆ కణాలకు మళ్ళీ స్పందించే శక్తి తిరిగి రావడానికి సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. రోజుకు పదివేల అడుగుల లెక్క గుండెకు, రక్తంలో చక్కెరకు మంచిదే గానీ, ఎముక కోసం దాన్ని కొలమానంగా పెట్టుకోవడం నాకు సరిగా తోచదు. ఎముకకు కావలసింది తక్కువసార్లు, బలంగా, కొత్త దిశల్లో.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పదు. రోజుకు కొన్ని గట్టి ఒత్తిళ్ళు చాలైతే, కూర్చున్న గంటలు ఎందుకు లెక్కకు వస్తాయి? ఎముకకు చేరే సంకేతాల్లో పెద్దవి రోజులో కొన్నే. చిన్నవి వేలకు వేలు. నిలబడి ఉన్నప్పుడు మనం పడిపోకుండా పట్టే కండరాలు నిరంతరం సన్నగా అదురుతుంటాయి. ఆ అదురు ఎముక మీద పడే ఒత్తిడిగా మారుతుంది. కూర్చోగానే తుంటి చుట్టూ అది మాయమవుతుంది. గంటలు గడిచేకొద్దీ నిశ్శబ్దం పోగవుతుంది. ఈ ఊహ మీదే అదిరే పలకల యంత్రాలు మార్కెట్‌లోకి వచ్చాయి: ఎక్కి నిలబడితే చాలు, ఎముక గట్టిపడుతుందని ప్రకటనలు. 2011లో ముట్లు ఆగిన స్త్రీల మీద ఏడాది పాటు జరిగిన ప్రయోగంలో అలాంటి పలక ఎముక సాంద్రతలో తేడా తేలేదు. డబ్బు పెట్టి కొనాల్సినదేమీ కాదది.

స్త్రీలకు నష్టం ఎక్కువగా ఎందుకంటే, ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ వల్ల. ఎముకను కరిగించే కణాలకు కళ్ళెం వేసేది అదే. 50 ఏళ్ళ చుట్టుపక్కల ముట్లు ఆగిన తర్వాతి ఐదారేళ్ళలో ఆ కళ్ళెం వదులై, ఎముక వేగంగా తరిగిపోతుంది. మగవాళ్ళకు మొదటినుంచీ ఎముక పెద్దది, హార్మోన్ల తగ్గుదల మెల్లమెల్లగా జరుగుతుంది. కానీ మగవాళ్ళ ఎముకను కాపాడేదీ చాలావరకు ఈస్ట్రోజెనే అన్న సంగతి చాలామందికి తెలియదు. వాళ్ళ ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్‌లో కొంత భాగం ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. 1994లో వైద్యులు వర్ణించిన ఒక యువకుడి కణాలు ఈస్ట్రోజెన్‌కు స్పందించేవి కావు. 28 ఏళ్ళు వచ్చినా ఆయన ఎదుగుదల ఆగలేదు, ఎముకలు మాత్రం పలచగా ఉన్నాయి. 50 దాటిన స్త్రీలలో ముగ్గురికి ఒకరికి, పురుషుల్లో అయిదుగురికి ఒకరికి ఎముకల పలుచన వల్ల ఎముక విరుగుతుందన్నది ప్రపంచవ్యాప్త అంచనా. తుంటి విరిగాక ఏడాది లోపు చనిపోవడం స్త్రీల కంటే పురుషుల్లోనే ఎక్కువ. మగవాళ్ళ ఎముకల గురించి అడిగేవాళ్ళు లేకపోవడం నన్ను బాధపెట్టే విషయం.

ఈత, సైకిలు గొప్ప వ్యాయామాలే, అయినా సైకిలు పోటీల్లో ఏళ్ళు గడిపినవారిలో కూడా నడుము దగ్గరి ఎముక పలచగా ఉండటం కనిపిస్తుంది. నీళ్ళు, సీటు మన బరువు మోస్తున్నాయి కదా.

‘ఈ వయసులో బరువులు ఎత్తకు’ అని పెద్దవాళ్ళకు ఎంతో ప్రేమగా చెప్పే మాట వాళ్ళ ఎముకకు మేలు చేయదు. 2018లో ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయం వారు ఎముక సాంద్రత తగ్గిన, ముట్లు ఆగిన స్త్రీలతో, సగటున 65 ఏళ్ళవారితో, వారానికి రెండుసార్లు అరగంట చొప్పున బరువైన కడ్డీలు ఎత్తించారు, పైనుంచి దూకి కాళ్ళ మీద దిగేలా చేయించారు. ఎనిమిది నెలల్లో ఆ స్త్రీల వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామాలు చేసినవారికి 1.2 శాతం తగ్గింది. అది శిక్షకుల కళ్ళెదుట, క్రమంగా బరువు పెంచుతూ జరిగింది. ఇప్పటికే వెన్నుపూస విరిగినవారు, కళ్ళు తిరిగేవారు, ఎముక బాగా పలచబడినవారు డాక్టరును అడగకుండా ఇలాంటివి మొదలుపెట్టకూడదు. బరువు పట్టుకుని ముందుకు వంగడం వాళ్ళకు ముఖ్యంగా ప్రమాదం. ఒంటికాలి మీద నిలబడటం, మెట్లు ఎక్కడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం మాత్రం చాలామంది చేయగలిగేవే. పడిపోకుండా కాపాడే కండబలం, నిలకడ కూడా వీటితో వస్తాయి. కాల్షియం, విటమిన్ డి కావాలి, అవి ఇటుకలూ సిమెంటూ. కట్టమని చెప్పేది మాత్రం బరువే.

స్కాన్ రిపోర్టులో టీ-స్కోర్ అనే అంకె ఉంటుంది; ఆరోగ్యంగా ఉన్న యువత సగటుతో పోలిస్తే మన ఎముక సాంద్రత ఎంత తేడాగా ఉందో చెప్పేది అది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన కొలత ప్రకారం అది మైనస్ 1 దాకా మామూలు, మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువైతే బోలు ఎముకల వ్యాధి, నడుమ ఉంటే పలచబడిన స్థితి. వ్యాయామం మొదలుపెట్టిన మూడు నెలలకే మళ్ళీ స్కాన్ తీయించి నిరాశపడేవాళ్ళున్నారు. ఒక చోట పాత ఎముకను కరిగించడానికి కొన్ని వారాలు, అక్కడే కొత్తది కట్టి గట్టిపరచడానికి నెలలు పడుతుంది. ఆ మార్పు యంత్రానికి నమ్మదగినట్టు కనిపించాలంటే సాధారణంగా ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు ఆగాలి. మళ్ళీ తీయించేటప్పుడు అదే చోట, అదే యంత్రం మీద తీయించుకుంటేనే రెండు అంకెలనూ పోల్చడం కుదురుతుంది.